చెద ముట్టని కొయ్య

చలికాలం వస్తే చాలు, ఆ ఇంట్లో అందరికీ జబ్బు చేసేది.

అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రంలో ఒక పల్లె. చిన్న ఇల్లు, ఎనిమిది మంది మనుషులు. మొదట కళ్ళు ఎర్రబడేవి. ఆ వెనకే దగ్గు, ఆయాసం, న్యుమోనియా. ముక్కుల్లోంచి రక్తం కారేది. కాళ్ళూ చేతులూ కొంకర్లు పోయేవి, అరికాళ్ళ చర్మం పొక్కిపోయేది. ఉన్నట్టుండి స్పృహ తప్పేది, మూర్ఛలు వచ్చేవి. జుట్టు కుచ్చులుగా రాలిపోయేది. ఎండలు ముదిరాక కాస్త తేరుకునేవారు. మళ్ళీ మంచు పడగానే కథ మొదటికొచ్చేది. ఇలా మూడేళ్ళు గడిచాయి.

డాక్టర్ హెన్రీ పీటర్స్ బృందం వాళ్ళ జుట్టునూ గోళ్ళనూ పరీక్ష చేయించింది. వాటిలో ఆర్సెనిక్ ఉంది. ఎలుకల మందులోనూ, పాత హత్య కేసుల్లోనూ వినిపించే పాషాణమే అది. అయితే ఎవరూ ఎవరికీ విషం పెట్టలేదు. ఇల్లు వెచ్చగా ఉండాలని ఆ కుటుంబం పొయ్యిలో కొయ్య ముక్కలు కాల్చుకుంటోంది. ఆ ముక్కలు చెద పట్టకుండా మందు ఎక్కించిన ప్లైవుడ్‌వి. పొయ్యి పొగలోనూ బూడిదలోనూ ఆర్సెనిక్ ఇల్లంతా పరుచుకుంది. 1984లో అమెరికన్ మెడికల్ అసోసియేషన్ పత్రిక ఈ ఉదంతాన్ని ప్రచురించింది.

ఎక్కడి విస్కాన్సిన్, ఎక్కడి శ్రీకాకుళం అనుకోవద్దు. మన వీధుల్లో నెలగంట పెట్టిన దగ్గర్నుంచీ పిల్లలు కర్రల వేటలో ఉంటారు. విరిగిన కుర్చీ, చెద తిన్న గుమ్మం, మంచం కోడు, తోటలో ఊడిపోయిన ఊయల బల్ల, ఎవరి పెరట్లోంచో ఎత్తుకొచ్చిన దుంగ, అన్నీ భోగి మంటకే. ఆ మంట మీద కాగిన నీళ్ళు పోసుకుంటాం. ఆ బూడిద బొట్టు పెట్టుకుంటాం. మిగిలింది బీరపాదుకో ఆనపపాదుకో చల్లుతాం, కొన్ని ఇళ్ళలో గిన్నెలూ తోముతారు. కొయ్యలో ఏముందో అది మన ఒంటి దాకా రావడానికి ఇన్ని దారులు వేసి పెట్టుకున్న జాతి ఇంకొకటి లేదేమో. అందుకే ఈ కథ మనకు ముందు తెలియాలి. తెలియాల్సిన ఇంకో కారణం కూడా ఉంది. ఆ మందును కనిపెట్టినవాడు తెలుగువాడు.

*

డెహ్రాడూన్‌లోని అటవీ పరిశోధనా సంస్థలో సొంటి కామేశం పనిచేసిన కాలానికి దేశంలో రైలు పట్టాల కింద కొయ్య స్లీపర్లు పెద్ద సంఖ్యలో ఉండేవి. గుగ్గిలం, టేకు లాంటి గట్టి కర్రలకు ఇబ్బంది లేదు, కానీ అవి ఎన్నని నరుకుతారు? హిమాలయాల పైన్ చెట్లు కావలసినన్ని ఉన్నాయి గానీ మెత్తన. నేలలో పాతితే చెదా బూజూ కొద్ది ఏళ్ళలోనే తినేస్తాయి. తారు నూనె పట్టిస్తే నిలుస్తాయి, దానికి ఖర్చు ఎక్కువ. నీళ్ళలో కరిగే లవణాలు చవకే, కానీ వాన పడితే కొట్టుకుపోతాయి. నీళ్ళలో కరిగించి లోపలికి పంపిన మందు లోపలికి వెళ్ళాక మళ్ళీ నీటికి కరగకూడదు. చిక్కుముడి అదీ.

మొదట జర్మన్ శాస్త్రవేత్త రిచర్డ్ ఫాల్క్‌తో కలిసి ఆర్సెనిక్, బైక్రోమేట్‌లతో ఒక మందు తయారు చేశారు. ఇద్దరి పేర్లూ కలిపి దాన్ని ఫాల్కామేశం అన్నారు. తర్వాత కామేశం దానికి రాగిని జత చేశారు. రాగి బూజును చంపుతుంది. ఆర్సెనిక్ చెదను చంపుతుంది. క్రోమియం ఆ రెండింటినీ కొయ్య నరాల్లో కరగని రూపంలో బిగించేస్తుంది. అది 1933. మందు పేరు ఆస్కు. 1934లో బ్రిటన్ పేటెంటు, 1938లో అమెరికా పేటెంటు వచ్చాయి. అమెరికా వాళ్ళు టెలిఫోన్ స్తంభాలకు పట్టించి చూసి ఆశ్చర్యపోయారు. మెత్తటి పైన్ కర్ర పదుల ఏళ్ళు మట్టిలో నిలబడింది.

ఆయన చేసింది గొప్ప పని. ఇవాళ్టికీ గొప్పదే అంటాను. ఆ మందు వల్ల ఎన్ని అడవులు గొడ్డలికి దొరక్కుండా మిగిలాయో లెక్క కట్టలేం. ఆయన మనసులో ఉన్నవి స్లీపర్లూ స్తంభాలూ. వాటిని పట్టుకుని ఊగి, ఆ చేతుల్నే నోట్లో పెట్టుకునే పసిపిల్లలు ఆ లెక్కలో లేరు. పిల్లల్ని ఆ కొయ్య దగ్గరికి తీసుకెళ్ళింది తర్వాతి కాలపు వ్యాపారం. 1970ల నుంచి అమెరికాలో ఇంటి వెనక అరుగులూ, కంచెలూ, పార్కుల్లో ఊయలలూ, జారుడు బల్లల మెట్లూ చాలా మటుకు ఈ ఆకుపచ్చ ఛాయ కొయ్యతో కట్టారు. నేలలో పాతడానికి తగ్గ మోతాదులో మందు పట్టిస్తే, పన్నెండు అడుగుల పొడవూ ఆరంగుళాల వెడల్పూ రెండంగుళాల మందమూ ఉన్న ఒక్క పలకలో సుమారు 27 గ్రాముల ఆర్సెనిక్ ఉంటుంది. కొయ్యలో బిగిసి ఉన్నంతవరకు అది ప్రాణాంతకం కాదు. కానీ ఎంత బిగించినా వానకు కొంచెం కొంచెంగా ఊరి, కింద మట్టిలోకి దిగుతుంది. ముట్టుకున్న చేతికి అంటుతుంది.

2001లో ఫ్లోరిడాలో జూలీ హాజర్‌మన్ అనే విలేఖరి ఆట స్థలాల కింది మట్టిని ప్రయోగశాలకు పంపి, వచ్చిన ఫలితాలను సెయింట్ పీటర్స్‌బర్గ్ టైమ్స్‌లో రాసింది. ఆ ఏడే గెయిన్స్‌విల్ ఊళ్ళో ఒక బడి పక్కనున్న కిడ్‌స్పేస్ అనే ఆట స్థలాన్ని మట్టిలో ఆర్సెనిక్ ఉందని మూసేశారు. తల్లులు కదిలారు. 2002 ఫిబ్రవరిలో అమెరికా పర్యావరణ సంస్థ ప్రకటన చేసింది, 2003 డిసెంబరు 31తో ఇళ్ళకూ పార్కులకూ ఈ మందు పట్టించడం ఆపేయడానికి కంపెనీలు ఒప్పుకున్నాయి. 2004 జూన్ చివరి నుంచి ఐరోపా కూడా కట్టడి చేసింది. కొత్తవి ఆగాయి. కట్టినవాటిని విప్పమని మాత్రం ఆదేశించలేదు.

*

అలా కట్టి వదిలేసినవాటిలో ఒకటి నార్త్ కరోలినాలో మన రాజాం అబ్బాయి కొన్న ఇంటి వెనక ఉంది. రాజాం ఒకప్పుడు శ్రీకాకుళం జిల్లా, 2022 నుంచి విజయనగరం జిల్లా. పేర్లు వద్దన్నారు, రాయడం లేదు. జరిగింది వాళ్ళు చెప్పినట్టే రాస్తున్నాను.

ఇల్లు 1990ల నాటిది. వెనక తోటలో నాలుగు స్తంభాల మీద చిన్న మంచె, దానికి ఒక పక్క జారుడు బల్ల, ఇంకో పక్క అడ్డదూలానికి రెండు ఊయలలు. పాత యజమాని పిల్లలు పెరిగి వెళ్ళిపోయారు. కొత్త ఇంట్లో పిల్ల ఊగుతుంటే దూలం కిర్రుమంటోంది, మెట్లు కదులుతున్నాయి. తీసేయాలనుకున్నారు. సరిగ్గా ఆ డిసెంబరులోనే రాజాం నుంచి తండ్రి వచ్చాడు. ఆయన వడ్రంగి. వయసంతా ద్వారబంధాలూ తలుపులూ మంచాలూ చేసినవాడు. కొడుకు ఇంజనీరు అయినా ఉలి పట్టడం తెలుసు, నేర్పింది ఆయనే.

ఆయన ముందు స్తంభం దగ్గర కూర్చుని మట్టి తీశాడు. నేల దగ్గర కర్రను బొటనవేలి గోటితో నొక్కాడు.

“ఇదేటి కర్రరా బావూ? గోరు దిగిపోతంది. ఇంత మెత్తటి కర్ర మట్టిలో ఇన్నేళ్ళు ఎలాగుంది? చెదన్నా ముట్టలేదేటి?”

“మందు పట్టిస్తారు నాన్నా.”

“ఏటి మందు?”

కొడుక్కి తెలీదు. తండ్రి దాన్ని పట్టించుకోలేదు కూడా. ఆయన ఆలోచన అప్పటికే నెల ముందుకు వెళ్ళిపోయింది. “రంపం ఉంటే తే. ముక్కలు కోసి పక్కన పేర్చీస్తే భోగికి కర్ర కొనక్కర్లేదు. కోడల్ని పిడకలేవన్నా దొరుకుతాయేమో కనుక్కోమను.”

రంపం కారు షెడ్డులోంచి వచ్చింది కూడా. ఆపింది కోడలు. ఆమెది బొబ్బిలి. కర్ర రంగు చూసి అనుమానం వచ్చింది. ఎండకు బూడిద రంగుకు తిరిగినా, బోల్టు కింద ఎండ తగలని చోట లేత ఆకుపచ్చ కనిపిస్తోంది. ఇల్లు కట్టిన ఏడు చూసుకుంది, 2004కు ముందుది. “మావయ్యా, కొయ్యకండి, ఒక్క గంట ఆగండి” అని లోపలికి వెళ్ళి కౌంటీ చెత్త విభాగానికి ఫోన్ చేసింది. వాళ్ళు సూటిగా చెప్పారు. కాల్చొద్దు, తురుము చేసి మొక్కల మొదట్లో వేయొద్దు, ఆకూ అలమూ చెత్తతో కలపొద్దు, విడిగా తెస్తే పూడ్చే చోటుకు పంపుతాం.

ఫోన్ పెట్టేసి ఆమె ఆ మందు చరిత్ర చదివింది. చదివి మామగారికి చెప్పింది, దీన్ని కనిపెట్టినాయన మన తెలుగాయనేనని.

“మనోడే!” అన్నాడట ముసలాయన. కాసేపు ఆ స్తంభాన్ని చేత్తో తట్టి చూశాడట, పనివాడు పనివాడిని మెచ్చుకున్నట్టు. తర్వాత అడిగాడట. “మరి దీన్ని ఇప్పేదెలాగో కూడా ఆయన రాసినాడా?”

నాకు ఈ మొత్తం కథలో అన్నిటికన్నా బరువైన మాట అదే. విషం కొయ్యలోకి ఎలా ఎక్కించాలో పేటెంట్లు చెప్పాయి. ఏది ఎన్ని పాళ్ళు కలపాలో ఉంది. ఆ కొయ్య ముసలిదయ్యాక ఎవరు విప్పాలి, ఎక్కడ పెట్టాలి అనేది కట్టేవాళ్ళెవరూ రాసుకోలేదు. ఎన్నో ఏళ్ళ తర్వాత ఆ పని ఏ సంబంధమూ లేని ఒక రాజాం వడ్రంగి చేతికి వచ్చింది.

విప్పడం ఆయనే దగ్గరుండి చేయించాడు. ఆర్సెనిక్ సంగతి కొత్తదే గానీ, కట్టిన వరసకు ఎదురు వరసలో విప్పాలని ఎవరూ చెప్పనక్కర్లేదు. ముందురోజు సాయంత్రమే తుప్పు పట్టిన బోల్టులన్నిటికీ నూనె కొట్టించాడు, రాత్రంతా నానాలని. పొద్దున కింద టార్పాలిన్లు పరిచారు. చేతులకు తొడుగులు, ముఖాలకు ఎన్-95 మాస్కులు, కళ్ళద్దాలు. పిల్లని ఇంట్లోంచి రానివ్వలేదు. మొదట గొలుసులు, ఊయల బల్లలు దిగాయి. తర్వాత జారుడు బల్ల, ఆపైన మెట్లు. మంచె పైకప్పు పలకలు ఒక్కొక్కటీ విప్పి చేతికందించారు, పైనుంచి విసరలేదు. విసిరితే పేళ్ళు లేస్తాయి, మేకులు ఎటు తిరుగుతాయో తెలీదు.

ప్రమాదమంతా అడ్డదూలం దగ్గర. అది ఊడితే దాన్ని మోసే వాలు కాళ్ళు చెరో పక్కకీ జారిపోతాయి. అందుకే కాళ్ళను ముందే తాడుతో ఒకదానికొకటి కట్టించాడు, దూలానికి రెండు కొసలా తాళ్ళు వేయించాడు. అంత చేసినా ఒక బోల్టు తల అరిగిపోయి నట్టుతో పాటు గిర్రున తిరగడం మొదలెట్టింది. కొడుకు ఇనుప రంపంతో బోల్టును కోశాడు. కర్రను కాదు, ఇనుమునే. తెగడం అనుకున్నదానికన్నా ముందే తెగింది. దూలం ఒక కొస దభీమని జారింది.

“ఒగ్గీ! చెయ్యి తీసీ!”

తాడు బిగిసి దూలం భుజమంత ఎత్తులో వేలాడింది. కొడుకు చెయ్యి అప్పటికే వెనక్కి వచ్చేసింది. ఆ తాడు లేకపోతే ఏమయ్యేదో రాయడం నాకు ఇష్టం లేదు.

మధ్యలో టీ వచ్చింది. ముసలాయన తొడుగు ఒకటి తీసి, చెయ్యి తువ్వాలుకు తుడుచుకుని గ్లాసు అందుకోబోయాడు. కోడలు సబ్బు పెట్టి రెండు చేతులూ కడిగించాకే ఇచ్చింది. ఇది చాదస్తం కాదు. ఆర్సెనిక్ ఒంట్లోకి వెళ్ళే పెద్ద దారి ఊపిరి కన్నా ముందు నోరు. చేత్తో ముద్ద కలుపుకుని తినే మనం ఇలాంటి పని తర్వాత తువ్వాలును నమ్ముకోకూడదు.

దూలం ట్రక్కులో పట్టలేదు. ఒక కోత వెయ్యక తప్పలేదు. కరెంటు రంపం పొడిని గాల్లోకి లేపుతుందని చేతిరంపంతో, కోసే చోట నీళ్ళు చిలకరించి, టార్పాలిన్ మీద కోశారు. ఆ పొడిని ఎత్తి సంచిలో మూటగట్టి కర్రలతో పాటే పంపారు. గట్టిగా పాతిన స్తంభాలను ఆఖరున చుట్టూ తవ్వి, గునపంతో సందిచ్చి, సిమెంటు ముద్దలతో సహా పెకలించారు. ఆ రోజు వేసుకున్న బట్టలు పిల్ల బట్టలతో కలపకుండా విడిగా ఉతికారు. కర్రంతా కౌంటీ పూడ్చే చోటికి వెళ్ళింది. అక్కడైనా ఆర్సెనిక్ మాయమైపోదు. అది మూలకం, దాన్ని ఏ మంటా ఏ మట్టీ వేరొకటిగా మార్చలేదు. కాకపోతే మనుషుల పొయ్యికీ పళ్ళేనికీ దూరంగా ఒకచోట ఉంటుంది. పాత కొయ్యను తురుము చేసి రంగులద్ది తోటలకు అమ్మితే ఏమవుతుందో ఫ్లోరిడాలో టిమొతీ టౌన్సెండ్, హెలెనా సోలో-గాబ్రియేల్ ఏళ్ళ తరబడి పరిశోధించారు. ఈ మందు కొయ్య ఆ తురుములోనూ తేలింది.

*

మన జిల్లాల్లో పైన్ ఊయలలు అరుదే. మందు కొయ్య మాత్రం అరుదు కాదు. పాత రైలు స్లీపర్లు వేలంలో కొని గేట్లకూ పశువుల శాలలకూ తోటల్లో ఊయల స్తంభాలకూ వాడినవాళ్ళు చాలా ఊళ్ళలో ఉన్నారు. వాటికి ఎక్కువగా పట్టించేది తారు నూనె, క్రియోసోటు. నల్లగా, ఎండకు ఘాటు వాసన కొడుతుంది. పాత కొయ్య స్తంభాలు, కర్మాగారాల కూలింగ్ టవర్ల కర్రలు తుక్కులో వస్తాయి, వాటిలో కామేశం గారి మందు ఉండవచ్చు. కోసిన చోట ఆకుపచ్చ ఛాయ, లేదా మెత్తటి కర్రయినా మట్టిలో ఏళ్ళ తరబడి చెద ముట్టకుండా ఉండడం, ఈ రెండింట్లో ఏది కనిపించినా దాన్ని భోగి మంటకు ఇవ్వకండి. హోటల్ పొయ్యికీ ఇవ్వకండి. బూడిద పడిన చోట పశువుల్ని కట్టకండి. ఉప్పగా ఉంటుందని నాకి చనిపోయిన పశువుల ఉదంతాలు విదేశీ పశువైద్యుల రాతల్లో ఉన్నాయి. ఉత్తరాంధ్రలో ప్రమాదకర వ్యర్థాలను శాస్త్రీయంగా పూడ్చే కేంద్రం పరవాడలో ఉంది. ఒక్క ఇంటివాడు ఒక దుంగ పట్టుకుని అక్కడికి వెళ్ళలేడు. మున్సిపాలిటీలు, పంచాయతీలు పండగకు ముందు ఇలాంటి కొయ్యను విడిగా సేకరించి పంపాలి. టైర్లు కాల్చొద్దని చెప్పే అధికారులు ఈ మాట కూడా దండోరా వేయించాలని నా కోరిక.

ఇక మన పార్కుల్లో, బళ్ళలో ఉన్నవి ఇనుమూ ఫైబరూ ప్లాస్టిక్కూ. బారువ నుంచి కళింగపట్నం దాకా ఉప్పుగాలి ఇనుప గొట్టాన్ని లోపలి నుంచి తినేస్తుంది. పైన రంగు నిగనిగలాడుతూనే నేలకు ఆనిన చోట కాగితంలా పలచబడుతుంది. సుత్తితో కొట్టి చూస్తే మోగాల్సిన చోట మొద్దుగా పలుకుతుంది. అలాంటి ఊయలను విప్పేటప్పుడు నేరుగా గ్యాస్ కట్టర్ పెట్టించడం మనకు అలవాటు. ఇళ్ళకూ అలంకరణకూ వేసే రంగుల్లో సీసం 90 పీపీఎం దాటకూడదన్న నియమం అమల్లోకి వచ్చింది 2017 నవంబరులో. అంతకు ముందు వేసిన రంగు మీద మంట పెడితే సీసం పొగై కోసేవాడి ఊపిరిలోకి పోతుంది. జింకు పూత గొట్టమైతే ఆ రాత్రికి చలిజ్వరం రావచ్చు. బోల్టులు విప్పాలి, కుదరకపోతే ఇనుప రంపం. మంట తప్పకపోతే కోసే చోట రంగును తడిపి గీకేసి, గాలి వీపుకు వచ్చేలా నిలబడి, సరైన మాస్కుతో కోయాలి. రోజు కూలీకి వచ్చిన కుర్రాడికి ఆ మాస్కు కొనివ్వాల్సింది పని పెట్టినవాళ్ళే.

తుక్కు కొట్టుకు ఇచ్చే ముందు గొలుసులు తెంచి, కాళ్ళు వంచి ఇవ్వాలి. లేకపోతే రంగు పూసి ఇంకో ఊళ్ళో నిలబెడతారు. ఫైబర్ జారుడు బల్ల అయితే తుక్కువాడూ తీసుకోడు. అది కరగదు, కోస్తే గాజు నూలు పొడి చర్మానికీ ఊపిరికీ గుచ్చుకుంటుంది, కాల్చకూడదు. మన తీరంలో పాడైన ఫైబర్ పడవలది కూడా ఇదే సమస్య. ముక్కలు చేయకుండా అలాగే మున్సిపాలిటీకి అప్పగించడం మేలు. దళసరి ప్లాస్టిక్ జారుడు బల్లను మాత్రం కడిగి ఇస్తే కొంటారు, అది మళ్ళీ కరిగి వాడకంలోకి వస్తుంది.

స్తంభం తీసిన గొయ్యిని ఆ సాయంత్రమే పూడ్చాలి. సిమెంటు ముద్ద నేలలోనే వదిలి పైన మట్టి కప్పితే, వానకు మట్టి దిగి అంచు బయటపడుతుంది, పరుగెత్తే పిల్ల కాలికి అదే తగులుతుంది. మందు కొయ్య ఉన్న చోటైతే పై మట్టి జానెడు లోతు తీయించి కర్రతో పాటే పంపి, కొత్త మట్టి పోయాలి. ఆ జాగాలో తోటకూరా పాలకూరా వేయొద్దు, ముల్లంగి అసలే వద్దు. బంతి వేసుకోవచ్చు.